అడుగు మూసిన చెయ్యి

మా ఓనరు ఆఫీసు గోడకి ఒక పేపరు ముక్క ఫ్రేము కట్టించి తగిలించాడు. అందులో నేను మట్టి కుండ ఒకటి పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంటాను. ఫోటో కింద 'చీరాల డిజైనరు ఉదయశ్రీ చేతిలో ప్రాణం పోసుకున్న కుండ' అని రాసి ఉంటుంది. ఆ కుండ నేను చేసింది కాదు. రెండు నెలల పాటు రోజూ తొమ్మిదిన్నరకి వెళ్ళి, ఆ ఫ్రేము కిందే కుర్చీ వేసుకుని పని చేశాను. తల ఎత్తితే అదే కనిపిస్తుంది. అందుకని తల ఎత్తడం మానేశాను.

చీరలకి డిజైన్లు గీయడం నా ఉద్యోగం. గ్రాఫ్ కాగితం మీద గడులు నింపి అంచు, కొంగు, బుటా గీస్తాను. దాన్ని బట్టి మగ్గం పైన బిగించే జకార్డు పెట్టెకి కన్నాల అట్టలు కొట్టిస్తారు. నేను నింపిన గడే మగ్గం మీద దారమై దిగుతుంది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. పెద్దాయన హయాంలో చేరాను, ఇప్పుడు ఆయన కొడుకు నాగచైతన్య నడుపుతున్నాడు. నన్ను 'ఉదయక్కా' అని పిలుస్తాడు, గట్టిగా ఒక్క మాట అనడు. తిట్టే మనిషైతే తిరిగి పోట్లాడేదాన్ని. మర్యాదస్తుడితో ఏం పోట్లాడతాం?

రెండేళ్ళుగా నా బుర్రలోంచి కొత్త గీత ఒక్కటి రాలేదు. మామిడి పిందెని బోర్లా తిప్పి పెట్టాను. నెమలి తోక కత్తిరించాను. చిలకని ఇటు నుంచి అటు తిప్పాను. నేతగాళ్ళ కళ్ళు కప్పగలమా? "ఏందమ్మా, ఇది పోయినేడు చిలకే గదా, ఇప్పుడు పడమర దిక్కు చూస్తంది" అన్నాడు ఒకాయన మగ్గం గుంటలోంచి. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికెళ్ళి ఏడ్చాను.

డిసెంబరు మొదట్లో చైతన్య నా బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. "అక్కా, నల్లపాడులో మూడ్రోజులు కుండల వర్క్‌షాపు పెడుతున్నారంట. మట్టిలో చెయ్యి పెడితే కొత్త ఆలోచనలొస్తాయంటున్నారు. వెళ్ళి రండి." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఒంగోలు నుంచి ఒకమ్మాయి కంప్యూటర్లో డిజైన్లు చేసి చూపించిందక్కా. బానే ఉన్నాయి. మీరొచ్చాక మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ 'మాట్లాడుకుందాం' అనే మాటకి అర్థం నాకు విడమరిచి చెప్పక్కర్లేదు.

నల్లపాడులో ఒక కాలేజీ వెనక రేకుల షెడ్డు. పక్కనే రోడ్డు మీద పత్తి లారీలు పోతుంటే ఎగిరొచ్చిన దూది పింజలు మట్టిలో పడుతుండేవి. మేం పన్నెండు మందిమి. అందరికీ కరెంటుతో తిరిగే చిన్న కుమ్మరి సారెలు ఇచ్చారు. వర్క్‌షాపు పెట్టిన ఆరాధన మేడం ఆ కాలేజీలో బొమ్మలు నేర్పుతుంది. నేర్పడానికి దర్శి నుంచి వీరబాబు గారనే కుమ్మరాయన్ని పిలిపించింది. గుమ్మానికి కట్టిన బ్యానరు మీద ఆయన ఫోటో ఉంది. ఆయన భార్య పున్నమ్మ ఫోటో లేదు, పేరు కూడా లేదు. ఆవిడ ఒక మూల కూర్చుని మా పన్నెండు మందికీ మట్టి పిసికి ముద్దలు చేసి పెడుతోంది.

వీరబాబు గారు కర్రతో తిప్పే తన పెద్ద సారె మీద ఒక కుండ లేపి, దారంతో కోసి, చేతిలో పెట్టుకుని మాకు చూపించారు. నేను లోపలికి తొంగి చూస్తే అవతల నేల కనిపించింది.

"బాబాయ్ గారూ, అడుగేదండీ?"

ఆయన నవ్వారు. "సారె మీద అడుగు రాదమ్మా. నోరూ మెడా నావి. అడుగు మూసేది మా ఆడమనిషి."

పున్నమ్మ ఆ అడుగు లేని కుండని నీడలో ఆరబెట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒళ్ళో పెట్టుకుంది. లోపల ఎడం చేత్తో గుండ్రాయి పట్టి, బయట నుంచి చెక్కతో తట్టడం మొదలుపెట్టింది. టప్, టప్, టప్. తట్టేకొద్దీ మట్టి సాగి, చుట్టూ నుంచి దగ్గరికొచ్చి, ఆ కన్నం పెసరగింజంత అయి మూసుకుపోయింది. మొరటుగా ఉన్న గొట్టం గుండ్రటి బొజ్జ కుండయింది.  సగానికి పైగా కుండ అక్కడే తయారయింది, ఆవిడ ఒళ్ళో.

రెండో రోజు పొద్దున వీరబాబు గారు నా చేతుల మీద చేతులేస్తే ఎలాగో ఒక కుండ లేపాను. మధ్యాహ్నం అడుగు మూయడానికి కూర్చున్నాను. పది దెబ్బలకే ఒక పక్క చిరిగింది. అతికి మళ్ళీ తట్టాను. ఇంకో పక్క చిరిగింది. మిగిలిన వాళ్ళంతా మూకుళ్ళూ ప్రమిదలూ చేసుకుని హాయిగా ఫోటోలు దిగుతున్నారు. నాకే ఈ ఆరాటం. ఒంగోలు అమ్మాయి కంప్యూటరు నా వీపు మీద కూర్చున్నట్టుంది.

"ఇటియ్యమ్మాయ్, దాన్నట్టా బాదమాక. అదేమన్నా నీకు శత్రువా?" అని పున్నమ్మ లాక్కుంది.

నేను పక్కన కూర్చుని చూశాను. చిరిగిన చోట మట్టి మెత్తి, తడి చేసి, రెండు గంటలు తట్టింది. కుండ నడుం దగ్గరికొచ్చేసరికి సంచిలోంచి వేరే చెక్క తీసింది. నల్లగా, చేతి నూనెకి మెరుస్తూ ఉంది. దాని మీద వాలు గీతలు చెక్కి ఉన్నాయి. ఆ చెక్కతో తట్టిన చోటల్లా మట్టి మీద చాప అల్లినట్టు గడులు దిగాయి. ఒక దెబ్బ అంచు మీద ఇంకో దెబ్బ కాస్త తప్పి పడుతోంది. ఆ తప్పులో ఏదో లయ ఉంది. నేను పంతొమ్మిదేళ్ళుగా ఒక్క గడి తప్పకుండా నింపిన మనిషిని, చూపు తిప్పుకోలేకపోయాను.

"ఇదిగో, నీ కుండ" అని నా చేతిలో పెట్టి ఆవిడ టీ తాగడానికి వెళ్ళింది.

మూడో రోజు ప్రదర్శన. కుండలింకా కాల్చలేదు, పచ్చివే. ఒక్కో దాని ముందు చేసిన వాళ్ళ పేరుతో చీటీ పెట్టారు. నా కుండ ముందు నా పేరు పెట్టారు. ఆ చీటీ నేను రాయలేదు, ఆరాధన మేడం ముందే రాసి ఉంచింది. ఇన్నాళ్ళూ నన్ను నేను సమర్థించుకున్నది ఈ ఒక్క మాటతోనే. కానీ అసలు సంగతి ఆ తర్వాత జరిగింది.

ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి అన్నీ చూసుకుంటూ వచ్చి నా కుండ దగ్గర ఆగిపోయాడు. రెండు చేతులతో ఎత్తి, తిప్పి చూసి, "మూడు రోజుల్లో ఇంత పనితనమా! ఈ అడుగు ఎలా మూశావమ్మా?" అని అడిగాడు. పేపరాయన కెమెరా పైకెత్తాడు. అందరూ నా వైపు తిరిగారు. గుమ్మం దగ్గర బోర్లించిన బకెట్టు మీద పున్నమ్మ కూర్చుని ఉంది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముసిముసిగా నవ్వుతూ నన్నే చూస్తోంది.

వేలు చూపిస్తే సరిపోయేది. 'ఆవిడండీ' అని ఒక్క మాట.

"ఓపిగ్గా తట్టానండి" అన్నాను.

చప్పట్లు కొట్టారు. పున్నమ్మ చెంగు వదిలేసి తనూ కొట్టింది. ఫోటో తీశారు. నేను నవ్వాను. ఆ నవ్వే ఇప్పుడు ఫ్రేములో ఉంది.

సభ అయ్యాక బ్యాగు సర్దుకుని, ఆరాధన మేడానికి చెప్పి, గుమ్మంలో పున్నమ్మా వీరబాబు గారూ నిలబడి ఉంటే వాళ్ళ పక్క నుంచే తల వంచుకుని బయటపడ్డాను. "ఎల్లొస్తావా అమ్మాయ్" అంది పున్నమ్మ. "వస్తాను పిన్నీ, రైలుకి టైమైంది" అన్నాను. రైలుకి ఇంకా గంటన్నర ఉంది.

గుంటూరులో రైలెక్కాను. తెనాలి దాటాక ఊరికే గ్రాఫ్ పుస్తకం తీశాను. వాలు గీతలు, ఒకదాని మీద ఒకటి తప్పి పడే గడులు. పెన్సిలు దానంతటదే నడిచింది. రెండేళ్ళ తర్వాత నా చెయ్యి నా మాట విన్నది. బాపట్ల వచ్చేసరికి అంచు పూర్తయింది, చీరాలలో దిగేసరికి కొంగు కూడా. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే ఆ సంతోషానికే సిగ్గేసింది. కుండ ఆవిడది, గీత ఆవిడది. నాదల్లా అబద్ధం ఒక్కటే.

చైతన్య గ్రాఫు చూసి కుర్చీలోంచి లేచాడు. "అక్కా, ఇట్టాంటిది ఎక్కడా చూళ్ళేదు! నేను చెప్పలా, మట్టిలో చెయ్యి పెట్టమని!" మర్నాడు పేపరు ముక్క ఫ్రేము కట్టించాడు. ఆ అంచుకి 'ఉదయ అంచు' అని పేరు కూడా పెట్టేశాడు. ఒంగోలు అమ్మాయి మాట మళ్ళీ ఎత్తలేదు. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అంటారు. నేను అడుసు తొక్కి, కాలు కడుక్కోకుండానే ఇల్లంతా తిరిగాను.

అందరికంటే ఆ నేతగాడితోనే నాకు బాధ. చిలక పడమర చూస్తోందన్నాడే, ఆయనే. మొదటి చీర కోసి తెచ్చి, "ఏమన్నా అనుంటే మనసులో పెట్టుకోమాకమ్మా. ఇది గీయాలంటే గుండె ఉండాల" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. తిట్టినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదు. ఆ చీర నేను కొనుక్కుంటానని చెప్పి ఇంటికి తెచ్చుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం దర్శి బయలుదేరాను. ఒట్టి చీర ఒక్కటే పెట్టకూడదు కదా. పసుపూ కుంకుమా, తమలపాకులూ వక్కలూ, అరటిపళ్ళూ, జాకెట్టు ముక్కా పెట్టి సంచిలో సర్దుకున్నాను. అద్దంకిలో బస్సు మారాను. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరి పక్కకి విసిరేస్తున్నారు. ఘాటుకి బస్సంతా తుమ్ముతోంది. నేను మనసులో మాటలు కూర్చుకుంటున్నాను. పున్నమ్మని పక్కకి పిలవాలి, చీర పెట్టాలి, తప్పయిపోయింది పిన్నీ అనాలి, కాళ్ళకి దండం పెట్టి వచ్చెయ్యాలి. ఎవరికీ తెలియక్కర్లేదు.

పున్నమ్మ వాకిట్లో మట్టి తొక్కుతోంది. నన్ను చూసి మొహం విప్పారింది. "నల్లపాడు అమ్మాయివి గదా! రా, రా!" కాళ్ళు కడుక్కుని వచ్చింది. నేను ఇత్తడి పళ్ళెం అడిగి తీసుకుని, అందులో చీరా పసుపూ కుంకుమా పళ్ళూ సర్దాను. తల ఎత్తేసరికి ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఐరేని కుండలకా! ముందే చెప్పకపోతివే! పెళ్ళెవరికి, కొడుక్కా కూతురికా?"

నాకప్పుడు తట్టింది. మాఘమాసం. ముహూర్తాల రోజులు. చీరా పసుపూ కుంకుమా పళ్ళెంలో పెట్టుకుని కుమ్మరింటికి వచ్చే మనిషి పెళ్ళికుండల కోసం కాక ఇంకెందుకు వస్తుంది? మా ఇంట్లో పెళ్ళికీ అట్లాగే తెచ్చారు. సున్నం, ఎర్రమట్టి పూసిన కుండలు, మేళంతో. నా సిగ్గు సంగతి చూసుకునే తొందరలో ఆ మాటే మర్చిపోయాను.

"కాదు పిన్నీ..." అంటున్నాను, ఆవిడ వినిపించుకుంటే కదా. "ఒసే జాన్‌బీ, సుబ్బరావమ్మా, రండే, చీరాల నుంచి ఐరేని కుండలకొచ్చారు!" అని గొంతెత్తి కేకేసింది. ఎదురింటి వాళ్ళూ పక్కింటి వాళ్ళూ వచ్చేశారు. చాప వేశారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. వీరబాబు గారు తువ్వాలు దులుపుకుంటూ వచ్చి, "ముహూర్తం ఎప్పుడమ్మా?" అన్నారు. పదిహేను మంది ఆడవాళ్ళు పెళ్ళికూతురు ఎవరా అని నా మొహంలోకి చూస్తున్నారు.

రహస్యంగా చెప్పుకుందామని వచ్చిన దాన్ని వీధి నడిబొడ్డున నిలబెట్టినట్టయింది. మా అన్న కొడుకు పెళ్ళి అనో, చెల్లెలి కూతురి పెళ్ళి అనో ఒక మాట అనేసి, కుండలు తీసుకుని వెళ్ళిపోవచ్చు. నిజంగా నా నోటి దాకా వచ్చింది. నా నాలుకకి అబద్ధం ఎంత సులువుగా అలవాటైపోయిందో అప్పుడు తెలిసింది. నా మీద నాకే రోత పుట్టింది.

"పెళ్ళి లేదు పిన్నీ" అన్నాను. "నల్లపాడులో ఆ కుండ అడుగు మూసింది మీరు. నేను మూశానని చెప్పాను. మీ ఎదురుగానే చెప్పాను. మీరు తట్టిన గీతలే ఈ చీర మీద వేసి నా పేరు పెట్టుకున్నాను. క్షమించమని అడగడానికొచ్చాను." 

 జాన్‌బీ అనే ఆవిడ మంచినీళ్ళ చెంబు మెల్లగా కింద పెట్టింది.

"ఆ రోజు మాకు బస్సు పోయింది" అంది పున్నమ్మ.

నాకు అర్థం కాలేదు.

"ఈయన ఎల్దాం పద, బస్సు పోద్దన్నాడు. నేనే ఆపా. ఆగయ్యా, ఆ పిల్ల వచ్చి ఒక మాట అంటదేమో, పదిమందిలో భయపడినట్టుంది, ఎల్లేటప్పుడన్నా అంటది అన్నా. నువ్వు బ్యాగేసుకుని నా పక్క నుంచే పోయావ్. రైలంటివి. తర్వాత బస్సు కోసం రోడ్డు మీద మూడు గంటలు నిలబడ్డాం."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. నేను అక్కడే చాప మీద కూలబడి చేతుల్లో మొహం దాచుకున్నాను. ఆ రోజు చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆవిడ నా మాట కోసం ఎంతసేపు చూసిందో అని ఈ రోజుకీ అనుకుంటూ ఉంటాను.

పున్నమ్మ పళ్ళెంలోంచి చీర తీసి మడత విప్పింది. అంచు మీద వేలు పెట్టి, గడి గడినీ తడుముతూ పోయింది. ఒక్కసారిగా మొహం వెలిగింది. చీర ఎత్తి అందరికీ చూపించింది.

"ఏమయ్యా, ఇటు చూడు! ఇది మా అత్త చెక్క! వెంకటరావమ్మ చెక్కే! ఒసే, మా అత్త కొడవలి మొనతో కూకుని చెక్కుకుందే ఈ గీతలు, పెళ్ళయిన కొత్తలో! నాదేం లేదు ఇందులో. తట్టటం వరకే నాది."

వీధి వీధంతా వినేలా చెప్పింది. చచ్చిపోయిన అత్తగారి పేరు, ఎవరూ అడక్కుండానే, చీర చేతిలో పడ్డ నిమిషానికే. నాకు రెండు నెలలు పట్టిన మాటకి ఆవిడకి క్షణం పట్టలేదు.

"తీసుకోండి పిన్నీ" అన్నాను.

"నాకెందుకు చెప్పావమ్మాయ్ ఇదంతా?" అంది చీర మడత పెడుతూ. "అడుగు ఎవరు మూశారో నాకు తెలీదా? తెలీనోళ్ళకి చెప్పాల."

నేను ఫోను తీశాను.  చైతన్య ఎత్తగానే అందరి ముందే చెప్పాను. ఫోటోలో కుండ నాది కాదని, అంచు వెంకటరావమ్మ గారి చెక్క మీద గీతలని, దర్శి పున్నమ్మ గారి చేతి దెబ్బలని. ఫ్రేము తీసెయ్యమన్నాను. అంచు పేరు మార్చమన్నాను.  అవతల మగ్గాల చప్పుడు వినపడుతోంది.

"సోమవారం వచ్చాక మాట్లాడుకుందాం అక్కా" అని పెట్టేశాడు.

ఆ మాటకి అర్థం నాకు తెలుసు. భయం వేసింది. కానీ ఎందుకో, తల ఎత్తి ఎదురుగా ఉన్న మనుషుల్ని చూడగలిగాను.

పున్నమ్మ చీరని నులక మంచం మీద పెట్టింది. "చీర పెడితే కుండ ఇయ్యాల. ఉత్తినే పుచ్చుకునే ఆచారం మాకు లేదు. మూసిన కుండ మాత్రం నీకియ్యను" అంటూ లోపలికి వెళ్ళి, పొద్దున వీరబాబు గారు లేపిన అడుగు లేని కుండ ఒకటీ గుండ్రాయీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఆ నల్ల చెక్క నా చేతికిచ్చింది.

మొదటిది చిరిగింది. ఇంకోటి తెచ్చి ఇచ్చింది, అదీ చిరిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వి, కాసేపు చూసి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. పున్నమ్మ ఎదురుగా కూర్చుని తన కుండ తాను తట్టుకుంటోంది. నాకు సాయం చెయ్యడానికి చెయ్యి చాపలేదు. మూడోది సగం మూసుకుంది, కన్నం ఇంకా అరచేయంత ఉంది.

"అద్దంకి బస్సు వచ్చే టైమైంది. ఇది పోతే మళ్ళీ ఎప్పుడో" అన్నారు వీరబాబు గారు వాకిట్లోంచి.

రోడ్డు మీద హారను వినిపించింది. పున్నమ్మ తట్టడం ఆపి నా వైపు చూసింది.

"పోనివ్వండి బాబాయ్" అన్నాను.